బులాంజరీ కూడా ఒక బడి



తులూజ్‌లో విమానాల ఇంజనీరింగుకు, గ్రెనోబుల్‌లో ఎలక్ట్రానిక్సుకు, పారిస్‌లో మేనేజ్‌మెంటుకు మన పిల్లలు ఏటా వెళ్తున్నారు. 2030 నాటికి తమ దేశంలో 30,000 మంది భారతీయ విద్యార్థులు చదువుకోవాలన్నది లక్ష్యమని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రోఁ 2024 జనవరిలో, మన గణతంత్ర దినోత్సవానికి అతిథిగా వచ్చినప్పుడు ప్రకటించారు. ఫీజుల గురించి, వీసాల గురించి, అద్దె గదుల గురించి ఆ పిల్లలకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇవాళ మాట్లాడబోయేది ఒక చిన్న ఖర్చు గురించి. వీధి చివరి బేకరీలో ఒక క్రోసాంటుకో, క్రీము నింపిన ఒక ఎక్లేరుకో పెట్టే ఆ కొద్ది యూరోల గురించి.

ఈ ఖర్చును పిల్లలు ఇంట్లో చెప్పరు. అప్పు చేసి పంపిన డబ్బుతో మిఠాయిలు తింటున్నామని అమ్మానాన్నలు అనుకుంటారేమోనని భయం. బ్రిటనీ ప్రాంతంలోని రెన్ నగరంలో చదువుకున్న రోజుల్లో నాకూ ఆ సంకోచం ఉండేది. ఇప్పుడు లేదు. ఒక దేశం తన చేతిపనిని ఎలా నిలబెట్టుకుంటుందో తరగతి గదిలో కన్నా ఆ దుకాణాల దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను. అందుకే ఈ ప్రసంగం.

ఫ్రాన్స్‌లో చాలా ఊళ్లలో బులాంజరీ ఉంటుంది, అంటే రొట్టెల దుకాణం. కేకులు, క్రీము మిఠాయిలు చేసేది పాటిస్రీ. చాలాచోట్ల రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. బులాంజరీ అన్న బోర్డు అక్కడ ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు. 1998 మే నెలలో వచ్చిన చట్టం ప్రకారం పిండి కలపడం, పులియబెట్టడం, రూపం కట్టడం, కాల్చడం అన్నీ అమ్మేచోటే జరగాలి. ఏ దశలోనూ రొట్టెను గడ్డకట్టించి నిల్వ పెట్టకూడదు. అంతకు అయిదేళ్ల ముందు, 1993 సెప్టెంబరులో, సంప్రదాయ రొట్టె అంటే ఏమిటో మరో ఉత్తర్వు తేల్చి చెప్పింది. గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు లేదా పులిపిండి. చాలా స్వల్పంగా చిక్కుడు జాతి పిండీ మాల్టు పిండీ కలపనిచ్చారు గాని రసాయనాలు కలపకూడదు. దుకాణానికి వెళ్లి 'ఉన్ ట్రడిసియోఁ' అని అడిగితే మీ చేతికి వచ్చేది ఆ ఉత్తర్వు ప్రకారం చేసిన బాగెట్. సుమారు పావు కిలో బరువు, పైన కరకరలాడే తోలు, లోపల పెద్ద పెద్ద రంధ్రాలతో మెత్తటి గుజ్జు. బాగెట్ చేసే నేర్పునూ దాని చుట్టూ అల్లుకున్న జీవన విధానాన్నీ 2022 నవంబరులో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఒక ప్రభుత్వం కూర్చుని రొట్టెకు చట్టం రాయడం నాకు మొదట్లో వింతగా అనిపించేది. వాళ్ల చరిత్ర చదివాక అర్థమైంది. 1789 అక్టోబరు 5న పారిస్ ఆడవాళ్లు వేలమంది వర్సాయ్ రాజభవనానికి నడిచి వెళ్లింది రొట్టె కోసమే. మర్నాడు రాజునూ రాణినీ పారిస్‌కు తీసుకొచ్చారు. రొట్టె దొరకని రోజు రాజ్యాలే కదిలిపోతాయని ఆ దేశం అప్పుడే తెలుసుకుంది.

ఇక క్రోసాంట్. దీని పుట్టిల్లు వియన్నా. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా వాడు 1830ల చివర్లో పారిస్‌లోని రిషెల్యూ వీధిలో వియన్నా పద్ధతి బేకరీ తెరిచాడు. అక్కడ అమ్మిన నెలవంక రొట్టెను చూసి పారిస్ బేకరీలు తామూ చేయడం మొదలుపెట్టాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మేరీ ఆంటోనెట్ రాణి దాన్ని తెచ్చిందనే కథకు ఆధారాలు లేవు. ఇవాళ మనం తినే పొరల క్రోసాంట్ ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఫ్రెంచి వాళ్ల చేతుల్లో రూపు దిద్దుకుంది.

పొరలంటే మనకు మడత కాజా తెలుసు. తాపేశ్వరంలో పిండిని పల్చగా ఒత్తి, చుట్టి, ముక్కలు కోసి, వేయించి పాకంలో వేస్తారు. క్రోసాంట్‌కూ మడతే ప్రాణం, కాని పని వేరు. పులిసే పిండి మధ్య చల్లటి వెన్న పలక పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేస్తారు. కాసేపు చలవపెట్టి మళ్లీ ఒత్తుతారు, మళ్లీ మూడు మడతలు. ఇలా మూడుసార్లు చేస్తే 27 వెన్న పొరలు వస్తాయి. పఫ్ పేస్ట్రీకి ఇదే పని ఆరుసార్లు చేస్తారు. అప్పుడు పొరల లెక్క 729కి చేరుతుంది. పొయ్యిలో పెట్టగానే పిండిలోనూ వెన్నలోనూ ఉన్న నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. వెన్న ఆ పొరల్ని ఒకదానికొకటి అంటుకోనివ్వదు. అంతా వేడిని అదుపులో పెట్టుకోవడంలోనే ఉంది. ముప్పై డిగ్రీలు దాటితే వెన్న కరగడం మొదలవుతుంది. కరిగితే పిండిలోకి ఇంకిపోతుంది, పొర చచ్చిపోతుంది, క్రోసాంట్ బన్నుగా మారిపోతుంది. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివి వెళ్లిన మన పిల్లలకు ఇంతకన్నా రుచికరమైన ప్రయోగం ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. నేను చెప్పిన చట్టం రొట్టెను కాపాడుతుంది గాని క్రోసాంట్‌ను కాపాడదు. ఫ్యాక్టరీలో చేసి గడ్డకట్టించిన క్రోసాంట్లను తెచ్చి కాల్చి అమ్మే దుకాణాలు ఫ్రాన్స్‌లోనూ ఉన్నాయి. కొనేముందు 'ఫె మెజోఁ?' అని మర్యాదగా అడగండి, ఇక్కడే చేశారా అని. చేసినవాళ్లు సంతోషంగా చెబుతారు. మామూలుగా నిటారుగా ఉండేది అచ్చమైన వెన్నతో చేసింది, నెలవంకలా వంగినది మార్గరిన్‌తో చేసింది అని ఒక వాడుక ఉంది. అది చట్టం కాదు, ఆనవాయితీ మాత్రమే. అసలు పరీక్ష విరిచినప్పుడే. పైపొర రాలాలి, లోపల తేనెపట్టులాంటి గదులు కనిపించాలి, వేళ్లకు జిడ్డు అంటినా నోట్లో వెన్న వాసన తేలిగ్గా ఉండాలి.

పాటిస్రీ అద్దాల వెనక ప్రతి మిఠాయికీ ఒక చరిత్ర ఉంటుంది. చక్రంలా గుండ్రంగా, పైన బాదం పలుకులు చల్లి, లోపల గింజలు వేయించి చక్కెరతో నూరిన ప్రాలీన్ క్రీము నింపినది పారీ-బ్రెస్ట్. పారిస్ నుంచి సముద్రతీరాన ఉన్న బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగి వచ్చే సైకిల్ పందెం 1891లో మొదలైంది. దాని గుర్తుగా 1910లో లూయీ డ్యురాఁ అనే మిఠాయి పనివాడు సైకిలు చక్రం ఆకారంలో దీన్ని చేశాడు. పారిస్‌లో మోఁతొర్గ్యూయ్ వీధికి వెళ్తే స్తొరేర్ దుకాణం కనిపిస్తుంది. పదిహేనో లూయీని పెళ్లాడిన పోలండ్ రాకుమారి వెంట వచ్చిన మిఠాయి పనివాడు నికొలా స్తొరేర్ 1730లో తెరిచిన దుకాణం అది, ఇప్పటికీ నడుస్తోంది. రమ్ములో నానబెట్టే బాబా కేకుకు పేరు తెచ్చింది అక్కడే.

అన్నిటికన్నా విద్యార్థులు తెలుసుకోవలసిన పేరు ఆంతోనాఁ కరేమ్. ఫ్రెంచి విప్లవ కాలంలో, పదేళ్ల వయసులో, పేదరికం వల్ల ఇల్లు విడిచి పని వెతుక్కున్న పిల్లవాడు. ఒక మిఠాయి దుకాణంలో పనికి కుదిరాడు. సెలవు దొరికినప్పుడల్లా జాతీయ గ్రంథాలయానికి వెళ్లి గ్రీకు, రోమన్ కట్టడాల బొమ్మల్ని చూసి గీసుకునేవాడు. తరవాత వాటినే చక్కెరతో, పిండితో నిలబెట్టాడు. రాజుల విందుబల్లల మీద గోపురాలు, వంతెనలు కట్టాడు. 1815లో మిఠాయిల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. బడికి పోని పిల్లవాడు గ్రంథాలయం మెట్లెక్కి తన వృత్తిని ఒక శాస్త్రంగా మార్చాడు. మిఠాయి తినేటప్పుడు అతన్ని తలుచుకోవడం న్యాయం.

నేను ఉన్న బ్రిటనీ గురించి రెండు మాటలు చెప్పాలి. ఫ్రాన్స్‌లో చాలా ప్రాంతాల వాళ్లు ఉప్పు లేని వెన్న తింటారు, బ్రిటనీ వాళ్లకు ఉప్పు వెన్నే వెన్న. కారణం పన్నులో ఉంది. విప్లవానికి ముందు రాజు ఉప్పు మీద గాబెల్ అనే పన్ను వేసేవాడు. బ్రిటనీకి ఆ పన్ను లేదు. దగ్గర్లోనే గేరాఁద్ ఉప్పుమళ్లు ఉన్నాయి. మిగతా ప్రాంతాల్లో ఉప్పు ఖరీదై జనం దాన్ని పొదుపుగా వాడుకుంటుంటే ఇక్కడ వెన్న నిల్వ ఉండటానికి ధారాళంగా కలిపారు. 1790లో పన్ను పోయింది, అలవాటు మాత్రం పోలేదు. ఆ ఉప్పు వెన్నతో చేసేదే క్విన్యమాన్. దువార్నెనే అనే చేపల రేవులో 1860 ప్రాంతంలో పుట్టిందంటారు. రొట్టె పిండి మడతల్లో వెన్న, చక్కెర దట్టించి కాల్చితే అడుగున చక్కెర పాకమై గట్టిపడుతుంది. తీపిలో ఉప్పు తగిలిన ఆ రుచికి నేను పూర్తిగా లొంగిపోయాను. శనివారం ఉదయం రెన్‌లోని లీస్ సంతకు వెళ్లి, కూరగాయలు కొన్నాక, వేడిగా ఒక ముక్క కొనుక్కుని తిరుగుతూ తినేవాణ్ణి. అది ఒక్కరే తినేది కాదు, నలుగురు పంచుకునేది అని అమ్మే ఆవిడే ఒకసారి నాకు చెప్పింది. ఆ తరవాత మిత్రులతో కలిసే వెళ్లాను.

తీపి గురించి ఇంత మాట్లాడాక దాని వెనక ఉన్న చేదు చెప్పకపోతే తప్పు. రెన్‌కు దక్షిణాన నాంత్ ఓడరేవు ఉంది. అక్కడి పేరున్న కేకులో బాదం, చక్కెర, కరీబియన్ దీవుల రమ్ము ఉంటాయి. ఆ రమ్మూ చక్కెరా ఆ రేవుకు ఎలా వచ్చాయి? ఫ్రాన్స్‌లో బానిసల వ్యాపారానికి అన్నిటికన్నా పెద్ద రేవు నాంత్. ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో కుక్కి కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాఁ-దొమింగ్ చెరకు తోటలకు తోలారు. ఐరోపా తిన్న చక్కెరలో పెద్ద వాటా వాళ్ల చెమటా నెత్తురూ. 1791లో ఆ బానిసలు తిరగబడ్డారు, 1804లో హైతీ పేరుతో స్వతంత్ర దేశమయ్యారు. 1825లో ఫ్రాన్స్ తన తోటల యజమానులకు నష్టం జరిగిందని ఆ పేద దేశం మీదే 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం మోపింది. నాంత్ నగరం 2012లో నదీతీరాన బానిసత్వ నిర్మూలన స్మారకం కట్టింది. అక్కడ చదివే మన పిల్లలు ఆ కేకు తినాలి, ఆ స్మారకమూ చూడాలి.

చెరకు చక్కెర రాక ఆగిపోవడంతోనే బీట్‌దుంప చక్కెర పైకొచ్చింది. ఇంగ్లండుతో యుద్ధంలో సముద్రం మూసుకుపోయినప్పుడు నెపోలియన్ దుంప సాగును ప్రోత్సహించాడు. 1812 జనవరిలో బెంజమిన్ దెలెస్సేర్ పారిస్ శివారు పాసీలో దుంపతో మేలిరకం చక్కెర తీసి చూపిస్తే, చక్రవర్తి తన రొమ్ము మీది పతకం తీసి అతనికి పెట్టాడు. ఫ్రాన్స్ పొలాల్లో ఇవాళ్టికీ పండే చక్కెర దుంపదే.

కొత్త దేశంలో విద్యార్థిని అన్నిటికన్నా బాధించేది ఒంటరితనం. దానికీ ఈ మిఠాయిలే నాకు మందయ్యాయి. జనవరి నెలంతా ఫ్రాన్స్‌లో గాలెట్ దె ర్వా తింటారు, ముగ్గురు రాజుల పండుగ రొట్టె. ఉత్తర ప్రాంతాల్లో పొరల పిండి మధ్య బాదం క్రీము పెట్టి చేస్తారు, దక్షిణాన పండ్ల ముక్కలు అద్దిన తీపి బ్రెడ్డు. లోపల ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. ఒకప్పుడు అది చిక్కుడు గింజ. అందరిలోకి చిన్నవాళ్లు బల్ల కింద దూరి, ఏ ముక్క ఎవరికో చెబుతారు. బొమ్మ వచ్చినవాళ్లకు కాగితం కిరీటం. మా హాస్టల్ వంటగదిలో మొరాకో, వియత్నాం, బ్రెజిల్ పిల్లల మధ్య ఆ కిరీటం పెట్టుకున్న సాయంత్రం నుంచి ఆ ఊళ్లో నేను పరాయివాణ్ణి కాను. ఫిబ్రవరి 2న షాఁదలర్ పండుగ. ఆ రోజు క్రేప్ అట్లు పోస్తారు. ఒక చేత్తో నాణెం పట్టుకుని, రెండో చేత్తో పెనం మీది అట్టును గాల్లోకి ఎగరేసి పట్టుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం. అలాంటి పిలుపు వస్తే చదువు ఉందని తప్పించుకోకండి.

ఆ రుచుల వెనక ఉన్న మనుషుల్ని ఆ సమాజం ఎలా చూస్తుందో గమనించండి. రొట్టె, మిఠాయి పని అక్కడ చదువే. టీనేజీలోనే దుకాణంలో కొన్నాళ్లు, బడిలో కొన్నాళ్లు నేర్చుకుని, ప్రభుత్వ పరీక్ష రాసి పట్టా తీసుకుంటారు. ఉద్యోగాలు మానేసి ముప్పై, నలభై ఏళ్లకు ఆ పట్టా కోసం చేరేవాళ్లూ ఉన్నారు. 1924 నుంచి దేశంలోని ఉత్తమ చేతిపనివాళ్లను పోటీ పెట్టి ఎంచుతున్నారు. గెలిచిన మిఠాయి పనివాడు నీలం, తెలుపు, ఎరుపు రంగుల కాలరున్న కోటు జీవితాంతం తొడుక్కోవచ్చు. పారిస్ నగరం ఏటా ఉత్తమ బాగెట్‌కు పోటీ నిర్వహిస్తుంది. నెగ్గినవాళ్లకు 4,000 యూరోలు, ఏడాదిపాటు అధ్యక్ష భవనానికి రొట్టె పంపే గౌరవం. 2023లో అది గెలిచింది శ్రీలంకలో పుట్టిన థర్షన్ సెల్వరాజా. వలస వచ్చిన మనిషి చేసిన రొట్టె దేశాధ్యక్షుడి బల్ల మీదికి వెళ్లింది. చేతిపనికి ఊరూ రంగూ అడ్డు కావని ఆ ఒక్క సంగతి చెబుతుంది.

ఇప్పుడు వెళ్లబోయే పిల్లలకు కొన్ని పనికొచ్చే మాటలు. దుకాణంలో అడుగు పెట్టగానే 'బోఁజూర్' అనండి. ఆ పలకరింపు లేకుండా అడిగితే అమర్యాద అనుకుంటారు. శాకాహారులకు సంప్రదాయ బాగెట్ మంచి ఆసరా, అందులో గుడ్డూ పాలూ ఉండవు. క్రోసాంట్ పైన మెరుపుకు గుడ్డు పూస్తారు. కేకులు, ఎక్లేర్లు, మకరాన్లు మామూలుగా గుడ్డు లేకుండా ఉండవు. మూస్ ఉన్న మిఠాయిల్లో తరచుగా జెలటిన్ వేస్తారు, అది పంది లేదా పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది. బాబాలో రమ్ము ఉంటుంది. కీష్ లోరెన్ అనే ఉప్పు టార్ట్‌లో పందిమాంసం ముక్కలుంటాయి. అడగడానికి మొహమాటపడొద్దు, అలర్జీ కలిగించే పదార్థాల వివరం ఇవ్వడం వాళ్ల బాధ్యత కూడా.

డబ్బు సంగతి. బాగెట్, క్రోసాంట్ మామూలు దుకాణాల్లో సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూరోల లోపే దొరుకుతాయి. క్రీము మిఠాయిలు నాలుగైదు యూరోలు, పారిస్‌లో పేరున్న చోట ఇంకా ఎక్కువ. అందుకని రోజూ కొనకండి. వారానికి ఒకటి, మంచిది కొనండి. సాయంత్రం మూసేవేళ మిగిలిపోయినవాటిని తక్కువ ధరకు సంచిలో పెట్టి ఇచ్చే 'టూ గుడ్ టు గో' లాంటి ఆప్‌లు విద్యార్థులకు బాగా ఉపయోగపడతాయి. తిండి వృథా కాదు, మీ జేబూ ఖాళీ కాదు. తినే పద్ధతి కూడా వాళ్లను చూసి నేర్చుకోండి. పిల్లలకు సాయంత్రం నాలుగింటికి చిరుతిండి, పెద్దలకు భోజనం చివర చిన్న ముక్క. ఫోను పక్కన పెట్టి, కూర్చుని, నెమ్మదిగా తింటారు. ఆ నిదానమే ఆరోగ్యానికి సగం రక్ష.

తల్లిదండ్రులకు నా మనవి. మీ అమ్మాయో అబ్బాయో ఫోన్లో 'ఇవాళ పారీ-బ్రెస్ట్ తిన్నాను' అంటే దుబారా అనకండి. ఎక్కడ కొన్నావు, ఎవరు చేశారు, ఎలా చేస్తారట అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పిల్లలు ఆ దేశాన్ని నిజంగా చదువుతున్నట్టే.

మనందరికీ ఇంకొక మనవి. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ దొరికింది, సంతోషం. కాని వేడి కుండ మీద పూతరేకు తీసే ఆడవాళ్ల నేర్పుకు బడి లేదు, పట్టా లేదు, చాలినంత కూలీ లేదు. ఆ పని నేర్పే సంస్థలు మనకు కావాలి. ఆ పని చేసేవాళ్లకు మన సభల్లో వేదిక మీద కుర్చీ కావాలి. ఫ్రాన్స్ వెళ్లి వచ్చిన మన పిల్లలు ఈ మాటను ముందుకు తీసుకెళ్లాలి. అక్కడ తిన్న తీపికి అదే సరైన కృతజ్ఞత.